నిర్దేశ బిందువు నాంపెల్లి

రాజమణి టీచర్ ఆ రోజు చెప్పినవి రెండు వాక్యాలు. జిల్లా విద్యాధికారి గారు విన్నది ఒకటి. వినని ఆ రెండో వాక్యం పుణ్యమా అని జిల్లా జిల్లా అంతా మూడు చెరువుల నీళ్లు తాగింది.

తుమ్మలబండ ఉన్నత పాఠశాలలో తొమ్మిదో తరగతికి చలనం పాఠం నడుస్తోంది. నల్లబల్ల మీద బాణం గుర్తులు గీసి చలనం చెప్పడమంటే రాజమణికి చిరాకు. పద్దెనిమిదేళ్లుగా ఆవిడ ఆ పాఠం మైదానంలోనే చెబుతోంది. గేటు స్తంభం పక్కన సుద్దతో ఒక గీత గీస్తుంది. పరుగు బాగా వచ్చిన పిల్లను అక్కడ నిలబెట్టి, మైదానం చుట్టూ ఒక రౌండు కొట్టించి, మళ్లీ ఆ గీత మీదికే రప్పిస్తుంది. ఆ ఏడు పరుగెత్తింది రవళి అనే పిల్ల. కాళ్లకు చెప్పులు లేకపోయినా నోటికి మాత్రం అడ్డూ ఆపూ లేని పిల్ల.

గీత పక్కనే ఇనుప స్టూలు మీద వాచ్‌మన్ నాంపెల్లి కూర్చుని ఉన్నాడు. అతని ఒళ్లో మూవ్‌మెంట్ రిజిస్టరు ఉంటుంది. బడి వేళలో సిబ్బంది ఎవరు గేటు దాటినా ఎక్కడికి, ఎందుకు, ఎన్ని గంటలకు అని అందులో రాసి సంతకం పెట్టాలి. పెద్దసారైనా సరే, ఆ గళ్లు నింపకుండా నాంపెల్లి గేటు తీసిన పాపాన పోలేదు. ఇరవై ఆరేళ్లుగా అతను ఆ స్టూలు మీదే ఉన్నాడు, గేటు పక్క గదిలోనే ఉంటున్నాడు. ఉద్యోగం మాత్రం ఇప్పటికీ టెంపరరీయే.

రవళి రొప్పుతూ గీత మీదికి వచ్చి ఆగిన క్షణానే గేటు ముందు తెల్లకారు ఆగింది. జిల్లా విద్యాధికారి డాక్టర్ త్రివిక్రమరావు గారు దిగారు. ఆ పేరు గలవాడు పూర్వం మూడడుగుల్లో మూడు లోకాలు కొలిచాడంటారు. ఈయన కారు నుంచి కుర్చీకి, కుర్చీ నుంచి కారుకు తప్ప అడుగు వేసి ఎరగరు. వెనకే ఫైళ్లు మోస్తూ ఆఫీసు సూపరింటెండెంటు దిగాడు.

"ఈ విద్యార్థిని ధావన ప్రక్రియలో ఎందుకు నిమగ్నమై ఉన్నది?" అని అడిగారు త్రివిక్రమరావు గారు.

"చలనం పాఠం సార్," అంది రాజమణి. "ఈ గీత కాడ బయలెల్లి మళ్ల ఈ గీత మీదికే వచ్చింది. అంటే స్థానభ్రంశం సున్నా. కాని తిరిగిన దూరం రెండు వందల మీటర్లు సార్, ఆ దూరం..."

"ఆగండి. ఇంత పరుగెత్తినా సున్నాయేనా?"

"స్థానభ్రంశం వరకు సున్నా సార్. దూరమైతే..."

"సున్నా!" అన్నారాయన. కళ్లు మెరిశాయి. సూపరింటెండెంటు వైపు తిరిగారు. "రాసుకోవయ్యా. మన శాఖ రోగం దొరికింది. ఇంటి నుంచి బడికి, బడి నుంచి ఇంటికి, సెక్షన్ నుంచి సెక్షన్‌కు, మళ్లీ మొదటి సెక్షన్‌కు. అందరూ పరుగెత్తుతున్నారు, అందరిదీ సున్నా!"

ల్యాబు చూడలేదు, మరుగుదొడ్లు చూడలేదు, టీ తాగలేదు. వచ్చిన కారులోనే వచ్చిన దారిన వెళ్లిపోయారు. దాన్ని కూడా సున్నా అనే అంటారని ఆయనకు చెప్పేవాళ్లు ఎవరూ లేకపోయారు.

పన్నెండో రోజున సర్క్యులర్ వచ్చింది. 'ఇందుమూలముగా సమస్త బోధన, బోధనేతర సిబ్బందికి తెలియజేయడమేమనగా, శాఖాపరమైన నిశ్చలత్వమును సమూలముగా నిర్మూలించు సదుద్దేశముతో' అని మొదలై, నాలుగో పేజీలో అసలు సంగతికి వచ్చింది. ప్రతి ఉద్యోగీ తన ఫోన్‌లో 'గమనం' అనే యాప్ పెట్టుకోవాలి. పొద్దున తొమ్మిదిన్నరకు ఎక్కడున్నాడో, సాయంత్రం నాలుగున్నరకు ఎక్కడున్నాడో యాప్ చూస్తుంది. రెంటి మధ్యా ఒక సరళరేఖ గీస్తుంది. ఆ గీత ఒక కిలోమీటరైనా ఉండాలి. మూడు రోజులు వరసగా సున్నా వస్తే మెమో. ముప్పై రోజులు వస్తే 'నిశ్చల ఉద్యోగి'గా ప్రకటించి విధుల నుంచి తొలగింపు. నిబంధన ఏడు ప్రకారం ఎంతటివారికీ మినహాయింపు లేదు.

చివర ఇంకో వాక్యం ఉంది. 'ఈ సంస్కరణకు శాస్త్రీయ మూలసూత్రమును ప్రసాదించిన తుమ్మలబండ ఉపాధ్యాయురాలు శ్రీమతి రాజమణి గారిని శాఖ హృదయపూర్వకముగా అభినందిస్తున్నది.'

ఆ సాయంత్రం రాజమణికి నలభై ఒక్క ఫోన్లు వచ్చాయి. అభినందించినవాడు ఒక్కడూ లేడు.

హెడ్‌మాస్టర్ అనంతస్వామి గారు పట్టుదల మనిషి. మర్నాడు పొద్దున్నే మైదానం చుట్టూ పన్నెండు రౌండ్లు నడిచారు, మధ్యాహ్నం ఇంకో పది. సాయంత్రం చొక్కా పిండుకుంటూ ఫోన్ చూస్తే సున్నా.

"ఏందమ్మా రాజమణీ, ఇరవై రెండు రౌండ్లు కొట్టిన. ఒక్క మీటరన్న రాలే!"

"రౌండ్లు కొడితె ఎట్ల వస్తది సార్? తిన్నగ పోవాలె, తిరిగి రావద్దు."

"తిరిగి రాకుంటె నా కుర్చీల ఎవరు కూసుంటరమ్మా?"

ఈ ప్రశ్నకు పుస్తకంలో జవాబు లేదు. మూడో రోజుకల్లా బడులే జవాబు కనుక్కున్నాయి. రెండు కిలోమీటర్ల అవతల రేగులపాడు బడి ఉంది. పొద్దున తుమ్మలబండలో హాజరు వేసుకున్నవాళ్లు సాయంత్రం రేగులపాడులో వేసుకోవాలని, అక్కడివాళ్లు ఇక్కడికి రావాలని ఒప్పందం కుదిరింది. మూడున్నరయ్యేసరికి రెండు బడుల సిబ్బందీ గొడుగులతో, టిఫిన్ డబ్బాలతో రోడ్డెక్కేవాళ్లు. మధ్యలో కల్వర్టు దగ్గర ఎదురై, ఏ తరగతిలో ఏ పాఠం ఎక్కడ ఆగిందో చెప్పుకుని ఎవరి దారిన వాళ్లు సాగిపోయేవాళ్లు. తెలుగు సారు పద్యం తుమ్మలబండ పిల్లలకు వినిపించి భావం రేగులపాడు పిల్లలకు చెప్పేవారు. వంట చేసే లచ్చవ్వ ఒకరోజు పప్పు ఇక్కడ ఉడకేసి పోపు అక్కడ పెట్టింది.

యాప్‌లో మాత్రం అందరికీ రెండు కిలోమీటర్లు పడుతున్నాయి. జిల్లా కార్యాలయం నుంచి అభినందన సందేశాలు వస్తున్నాయి. ఈ గొడవలో నిజంగా బాగుపడినవాళ్లు తొమ్మిదో తరగతి పిల్లలు. దూరానికీ స్థానభ్రంశానికీ తేడా చెప్పమంటే ఏటా సగంమంది తలలు గోక్కునేవాళ్లు. ఈ ఏడు అందరికీ నోటికి వచ్చేసింది, అనంతస్వామి గారి రౌండ్లు కళ్లారా చూశారు కనుక.

సున్నా దగ్గరే ఆగిపోయినవాడు ఒక్కడే, నాంపెల్లి.

అతనికీ ఒక స్మార్ట్‌ఫోన్ ఇచ్చారు, యాప్ పెట్టారు. నడకల మొదటి రోజు అందరితో పాటు అతనూ బయలుదేరి, కల్వర్టు దగ్గర గేటు గుర్తొచ్చి వెనక్కి తిరిగాడు. తిరిగి వచ్చేసరికి గేటు బార్లా తెరిచి ఉంది. నాలుగు బర్రెలు లోపలికొచ్చి పిల్లలు పెంచిన పాలకూర మడి మొదలంటా మేసి, ఆరో తరగతి వరండాలో నెమరు వేస్తున్నాయి. అదే ఆవరణలోని ప్రాథమిక బడిలో ఒకటో తరగతిలో చేరిన పిల్ల ఒకతె రోడ్డు మీదికి వెళ్లి ఇసుక లారీకి టాటా చెబుతోంది. నాంపెల్లి ఆ పిల్లను ఎత్తుకొచ్చి లోపల దింపాడు. ఆ తర్వాత అతను గేటు కదిలి వెళ్లలేదు.

ఒక మెమో వచ్చింది, ఇంకోటి వచ్చింది. ఇరవై నాలుగో రోజున తొలగింపు ముందస్తు నోటీసు వచ్చింది. నాంపెల్లి దాన్ని మడతపెట్టి రిజిస్టరులో దాచి, రాజమణి గేటు దగ్గరికి రాగానే తీసి చూపించాడు.

"ఇంకారు దినాలంట గదా మేడం?"

"రోజు ఒక్కసారి గా రేగులపాడు పోయి రారాదే నాంపెల్లన్నా!"

"గేటు ఇడిసిపెట్టి పోయేదానికి గేటుకు నేనెందుకు మేడం?" అన్నాడు నాంపెల్లి. కోపంగా అనలేదు. "అయితె మీరు చెప్పిన పాఠమే తప్పా?" అని అడిగాడు.

"పాఠం తప్పు కాదే. ఆయన సగమే ఇన్నడు."

"అట్లనా," అని నోటీసు మళ్లీ మడిచి పెట్టుకున్నాడు. "సగమిని పోయేటోళ్లు శానమందిని జూసిన ఈ గేటు కాడ."

అతను తిట్టి ఉంటే రాజమణి ఓర్చుకునేది. నలభై ఒక్క ఫోన్లు ఓర్చుకున్న మనిషికి నలభై రెండోది లెక్కా? తిట్టలేదు కనుకే ఆ రాత్రి ముద్ద దిగలేదు. తన గీత, తన పాఠం, తన నోటి మాట. పోయేది మాత్రం అతని పొట్ట. మర్నాడు సెలవు పెట్టి, పాఠ్యపుస్తకం చంకన పెట్టుకుని జిల్లా కార్యాలయానికి బస్సెక్కింది.

అక్కడ గుమాస్తాలు ఎవరూ కూర్చుని లేరు. ఒక ఫైలు పట్టుకుని ఒకడు ఈ చివరి నుంచి ఆ చివరికి పోతుంటే, అదే ఫైలు గురించి అడగడానికి ఇంకొకడు ఆ చివరి నుంచి ఈ చివరికి వస్తున్నాడు. త్రివిక్రమరావు గారు ఒక్కరే కదలకుండా కుర్చీలో ఉన్నారు.

"రండి, మూలసూత్ర ప్రదాతలు రండి!" అన్నారు.

"సార్, మా వాచ్‌మన్ సంగతి. ఆయన పనే ఒక్కకాడ ఉండుడు సార్."

"నిశ్చలత్వమును విధిగా కలిగిన పదవి ఈ శాఖకు అనావశ్యకము."

రాజమణి పుస్తకం తెరిచింది. "సార్, కదలకుండ ఉన్నడంటె దేన్ని బట్టి కదలకుండ ఉన్నడు? గేటును బట్టి చూస్తె కదలలే. సూర్యున్ని బట్టి చూస్తె భూమితోని పాటు సెకనుకు ముప్పై కిలోమీటర్లు పోతున్నడు."

త్రివిక్రమరావు గారి ముఖం గంభీరమైంది. "సెకనుకు ముప్పై కిలోమీటర్లా? పాఠశాల ఆవరణలోనా? పిల్లలు సంచరించే ప్రదేశమమ్మా అది! ఎవరి అనుమతితో?" సూపరింటెండెంటును పిలిచారు. "తుమ్మలబండ వాచ్‌మన్‌కు అతివేగంపై సంజాయిషీ నోటీసు తయారు చెయ్యి."

"సార్, ఒక మెమో నిశ్చలత్వానికి ఉంది," అని సూపరింటెండెంటు నసిగాడు.

"ఉండనీ. రెండు వేర్వేరు అభియోగాలు."

రాజమణికి కోపం వచ్చింది. మింగి, మెల్లగా మొదటి నుంచి చెప్పింది. చలనమైనా, విరామమైనా ఒక గుర్తును బట్టే చెప్పగలం. ఆ గుర్తును నిర్దేశ బిందువు అంటారు. ముందు అదేదో తేల్చుకోవాలి, కొలత ఆ తర్వాత. ఒక్కొక్కరు ఒక్కో గుర్తు పెట్టుకోవచ్చు, లెక్క దాన్నిబట్టి మారుతుంది.

"ఒక్కొక్కరు ఒక్కొక్కటా?" ఆయన ఉలిక్కిపడ్డారు. "అది అరాచకము కదా! నిర్దేశ బిందువును నిర్ణయించు అధికారము సమర్థ అధికారికే ఉండాలి. జిల్లాకంతటికీ ఒకటే బిందువు. అత్యున్నతమైనది." అంటూ తన కుర్చీ చేతులను ఆప్యాయంగా నిమిరారు. "అది నేనే."

రాజమణి ఆయన ముఖం చూసింది. ఈసారి రెండో వాక్యం వినిపించలేదన్న నింద తన మీద ఉండకూడదని, గొంతు పెంచి స్పష్టంగా చెప్పింది. "పెట్టుకోవచ్చు సార్. కాని నిర్దేశ బిందువు ఎప్పటికీ నిశ్చలంగనే ఉన్నట్టు లెక్క సార్!"

"రాసుకోవయ్యా," అన్నారాయన సూపరింటెండెంటుతో. "నిర్దేశ బిందువు: జిల్లా విద్యాధికారి." రెండో వాక్యం ఫ్యాను గాలికి కొట్టుకుపోయింది.

రెండు రోజుల్లో యాప్ మార్చారు. కుర్చీకి ఫోన్ లేదు కనుక ఆయన ఫోన్‌నే గుర్తుగా పెట్టారు. ఇక మీదట జిల్లాలో ఎవరు ఎంత కదిలిందీ ఆయన్ని బట్టే కొలుస్తారు.

ఆ రోజు ఆయన తనిఖీకి నలభై కిలోమీటర్లు వెళ్లారు. సాయంత్రం చూసుకుంటే జిల్లాలోని తొమ్మిది వేల మంది ఉద్యోగులూ ఉన్నచోటి నుంచి లేవకుండానే నలభై కిలోమీటర్లు కదిలిపోయారు. నాంపెల్లి కూడా. టీచర్లు రేగులపాడు నడకలు మానేసి తరగతుల్లో కూర్చుని పాఠాలు పూర్తి చేశారు. పద్యానికీ భావానికీ ఒకే బడిలో పెళ్లయింది. లచ్చవ్వ పప్పులో పోపు పడింది. కార్యాలయంలో గోడకు పెట్టిన పెద్ద తెర మీద జిల్లా పేర్లన్నీ పచ్చగా వెలిగాయి, ఒక్కటి తప్ప. అది ఎర్రగా వెలిగింది. 'డా. త్రివిక్రమరావు. కదలిక: సున్నా.'

మూడో రోజున యాప్ ఆయనకు మెమో పంపింది. కింద ఆయన సంతకమే ఉంది. సంజాయిషీ ఆయనే రాశారు. అది పరిశీలన కోసం ఆయన బల్ల మీదికే వచ్చింది. ముప్పై ఏళ్ల సర్వీసులో ఎవరి సంజాయిషీ మీదా ఇంకో మాట రాసి ఎరగని చెయ్యి కనుక, అలవాటు కొద్దీ 'సంతృప్తికరముగా లేదు' అని రాసేసింది.

ఆయన కదలడం మొదలుపెట్టారు. కారులో తూర్పుకు పోతే జిల్లా మొత్తం పడమరకు జరిగింది. ఉత్తరానికి వెళితే జిల్లా దక్షిణానికి వెళ్లింది. ఒక సాయంత్రం కారు దిగి, చెప్పులు చేత పట్టుకుని కలెక్టరేటు రోడ్డంతా పరుగెత్తారు. తొమ్మిది వేల మందికి తలా కిలోమీటరున్నర పడింది. ఆయన మాత్రం ఎంత పరుగెత్తినా ఆయన దగ్గరే ఉన్నారు.

"నాకు మినహాయింపు లేదా?" అని అడిగితే సూపరింటెండెంటు వినయంగా సర్క్యులర్ తెరిచాడు. "నిబంధన ఏడు సార్. ఎంతటివారికీ లేదు. తమరే ఎర్ర సిరాతో చేర్పించారు."

ఇరవై తొమ్మిదో రోజున తెల్లకారు తుమ్మలబండ గేటు ముందు ఆగింది. దిగిన మనిషి సగమై ఉన్నారు. మైదానంలో రాజమణి పాఠం పునశ్చరణ చేయిస్తోంది. గేటు దగ్గర సుద్దగీత ఉంది, గీత మీద రవళి ఉంది, స్టూలు మీద నాంపెల్లి ఉన్నాడు.

"రాజమణి గారూ," అన్నారాయన. భాషలోంచి గ్రాంథికం జారిపోయింది. "రేపటితో నాకు ముప్పై రోజులు. ఇంత తిరిగినా నాకెందుకమ్మా సున్నా?"

రాజమణి నోరు తెరిచేలోపు రవళి అందుకుంది. "మిమ్మల్ని మీతోనే కొల్సుకుంటున్నరు గద సార్! అట్ల కొల్సుకుంటె ఎవలికైన సున్నే వస్తది."

అనంతస్వామి గారు కళ్లు మూసుకున్నారు. త్రివిక్రమరావు గారు ఆ పిల్ల వైపు తిరిగారు. బహుశా సర్వీసులో మొదటిసారి ఒక మాట చివరిదాకా విన్నారు.

"అయితే ఈ బిందువు రద్దు చేస్తాను," అన్నారు చివరికి. "పాత పద్ధతే పెడతాను. పొద్దున ఎక్కడ, సాయంత్రం ఎక్కడ. పాత లెక్కలు ఆగిన చోటి నుంచే మళ్లీ మొదలవుతాయి."

రాజమణి లెక్క వేసింది. ఆగిన చోటంటే నాంపెల్లికి ఇరవై ఆరు. ఇంకో నాలుగు రోజులు. నాంపెల్లి కూడా వేళ్ల మీద లెక్క పెట్టుకుంటున్నాడు.

"రద్దు చేస్తె మాట పోతది సార్," అంది రాజమణి తొందరగా. "బిందువు ఉండనియ్యిండ్రి. కాకపోతె మీ అసొంటి తిరిగే పెద్దమనిషి గుర్తు ఎట్ల అయితడు? గుర్తన్నంక ఒక్కకాడ ఉండాలె. ఎండకు, వానకు, ఎవరొచ్చినా, ఎవరు పోయినా కదలొద్దు. అట్లాంటిది ఉంటె, దాని నుంచి కొలిస్తె మీ తిరుగుడంతా లెక్కకొస్తది."

"అంత కదలనిది ఈ జిల్లాలో ఏముందమ్మా?"

తొమ్మిదో తరగతి మొత్తం తల తిప్పి నాంపెల్లి వైపు చూసింది. హెడ్‌మాస్టర్ గారు చూశారు. చివరికి సూపరింటెండెంటు సంచీలోంచి ఆధారాలు తీశాడు. "సార్, రికార్డు కూడా ఉంది. ఇరవై ఆరు రోజులు అఖండంగా సున్నా. మన మెమోలే సాక్ష్యం."

కొత్త సర్క్యులర్ ఆ సాయంత్రమే, వాళ్లు బయలుదేరకముందే, గేటు దగ్గరే తయారైంది. 'జిల్లా నిర్దేశ బిందువుగా తుమ్మలబండ పాఠశాల ద్వారమునందలి ఇనుప స్టూలును, దానిపై ఆసీనుడైన శ్రీ నాంపెల్లిని ప్రకటించడమైనది. బిందువు తాత్కాలికమైనచో కొలతలన్నియు తాత్కాలికములగును కావున, సదరు పదవిని శాశ్వతము చేయడమైనది. నిర్దేశ బిందువును ఏ అధికారియు, ఏ పరిస్థితులలోను కదిలించరాదు.'

రాజమణి దాన్ని గేటు దగ్గర నిలబడి గట్టిగా చదివింది. 'శాశ్వతము' దగ్గర ఆగి, కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చదివింది. ఇరవై ఆరేళ్లు అర్జీలు పెట్టినా రాని మాట అది.

"అంటె నేనేం జెయ్యాలె మేడం?" అన్నాడు నాంపెల్లి.

"ఏం జెయ్యకు. కూసో."

"అదైతె వస్తది నాకు," అని రిజిస్టరు తెరిచి త్రివిక్రమరావు గారి వైపు చాపాడు. "సారూ, బయటికి పోతున్నరు గద, యాడికో రాసి సంతకం పెట్టుండ్రి."

ఆయన సంతకం పెట్టారు. మర్నాడు తెర మీద ఆయన పేరు పచ్చగా వెలిగింది. బిందువు నుంచి ఎవరెంత దూరంలో ఉన్నా యాప్ దాన్ని కదలికగానే రాసుకుంది కనుక, మిగతా పేర్లూ పచ్చగానే ఉన్నాయి. ఒక జిల్లాలో ఇంత చలనం మునుపెన్నడూ నమోదు కాలేదని పైవాళ్లు మెచ్చి, మూడు నెలల్లో ఆయనకు ప్రమోషన్ ఇచ్చి రాజధానికి తీసుకుపోయారు.

ఆ తర్వాత ఒకనాడు రాజమణి తొమ్మిదో తరగతిలో గమన నియమాలు మొదలుపెట్టింది. 'ప్రతి చర్యకు సమానంగా, వ్యతిరేక దిశలో ప్రతిచర్య ఉంటుంది' అని నల్లబల్ల మీద పెద్ద అక్షరాలతో రాసింది. కిటికీలోంచి చూస్తే గేటు ముందు తెల్లకారు ఆగి ఉంది. కొత్త అధికారి. చేతిలో నోటుబుక్కు, పక్కన రాసుకోవడానికి సిద్ధంగా అదే సూపరింటెండెంటు.

ఆవిడ వెంటనే బల్ల మీది ప్రతి చర్యను, ప్రతిచర్యను రెండు చేతులతో తుడవడం మొదలుపెట్టింది. "పిల్లలూ, తెలుగు పుస్తకాలు తీయిండ్రి. జల్ది!"

గేటు దగ్గర డ్రైవరు హారన్ మీద హారన్ కొడుతున్నాడు. స్టూలు దారికి సరిగ్గా మధ్యలో ఉంది. దాన్ని పక్కకు జరిపే అధికారం జిల్లాలో ఎవరికీ లేదు.

నాంపెల్లి కదలలేదు.